మన దొడ్డి కింద మన చరిత్ర

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా చల్లపల్లిలో జరిగిన యువజన సమావేశంలో గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరసలో మా హాస్టల్ పిల్లలు కూర్చున్నారు, వెనక తమ్ముళ్ళు నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఫోన్లు లోపల పెట్టమని అనను. ఈ రోజు నేను చెప్పబోయే పనికి ఫోను కావాలి.

సంస్కృతి గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు నన్ను పిలిచారు. సంస్కృతి అంటే పాట, ఆట, వేషం అని అందరూ చెబుతారు. అవి వేదిక మీద చూశాం, చాలా బాగున్నాయి. నేను ఇంకో చోటు చూపిస్తాను. అది మన ఇంటి వెనక దొడ్డి. మునగ చెట్టు, కరివేపాకు మొక్క, గిన్నెలు తోముకునే రాయి, కోళ్ళ గంప ఉండే జాగా. ఆ మట్టి కింద ఏముందో మనం ఎప్పుడైనా పట్టించుకున్నామా?

మీలో యానాదుల పిల్లలు ఉన్నారు, ఎరుకల పిల్లలు ఉన్నారు, సుగాలీల పిల్లలు ఉన్నారు. మన అందరికీ ఒక ఇబ్బంది ఉంది. మన గురించి రాసిన కాగితాలు తక్కువ. ఉన్న కాగితాల్లో చాలావరకు మనల్ని కాపలా కాసినవాళ్ళు రాసుకున్నవే. ఎరుకల వాళ్ళనూ, కొన్నిచోట్ల యానాదులనూ నేరస్థ జాతుల చట్టం కింద పెట్టి హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు 1913లో అలా పుట్టిందే. ఆ ముద్ర 1952 ఆగస్టు 31న చట్టప్రకారం పోయింది. కాగితం మన పక్షాన లేనప్పుడు మిగిలేవి రెండే. ఒకటి పెద్దల నోటి మాట, రెండోది మట్టి. నోటి మాట పెద్దవాళ్ళతో వెళ్ళిపోతుంది. మట్టిని ఇప్పుడు ప్రొక్లెయినర్లు ఎత్తుకుపోతున్నాయి. చేపల చెరువుల కోసం, రొయ్యల చెరువుల కోసం దివిసీమలో ఎన్ని ఎకరాలు తవ్వుతున్నారో మీరు నాకంటే బాగా చూస్తున్నారు. ఆ పనిలో కూలికి వెళ్ళేది మనవాళ్ళే.

మన చుట్టూ ఉన్న దిబ్బలు

ముందు మన ప్రాంతం సంగతి చెబుతాను. చల్లపల్లి పక్కనే ఘంటసాల. ఆ పేరు వినగానే అందరికీ గాయకుడు గుర్తొస్తాడు, అది ఆయన ఇంటిపేరు. ఆ ఊరు మాత్రం సుమారు రెండు వేల ఏళ్ళ నాటి రేవు పట్నం. ప్రాకృత శాసనాల్లో దాని పేరు కంటకసోల. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త కొంటకొస్సిల అని రాసిన వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అక్కడి శాసనం ఒకదానిలో శివకుడు అనే మహానావికుడి పేరు ఉంది. మహానావికుడు అంటే పెద్ద ఓడ నడిపే వాడు. రాజు కాదు, పడవ మనిషి. రెండు వేల ఏళ్ళ క్రితం కూడా ఈ డెల్టాలో నీళ్ళ మీద బతికే మనిషి పేరు రాతికి ఎక్కింది. వల వేసి, పడవ తోసి బతికే మన పిల్లలు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఘంటసాల నుంచి సముద్రం చాలా దూరం. నది ఏటా ఒండ్రు తెచ్చి వేస్తుంది, నేల పెరుగుతుంది, సముద్రం వెనక్కి జరుగుతుంది. మన డెల్టా అంతా అలా తయారైందే. అందుకే ఇక్కడ పాతది ఏదైనా మన కాళ్ళ కిందే ఉంటుంది. కొండ ప్రాంతంలో పాత గోడ పైకి కనిపిస్తుంది. డెల్టాలో అది మట్టి కప్పుకుని పడుకుంటుంది.

ఘంటసాలలో ఉన్న బౌద్ధ స్తూపాన్ని బ్రిటిష్ కాలంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి పరిశీలించాడు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల గురించి ఆయన రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. పైకి అది ఒక ఇటుకల దిబ్బ. తవ్వి చూస్తే లోపల నడుమ చతురస్రంగా కట్టిన ఇటుక దిమ్మ, దాని చుట్టూ బండి చక్రానికి ఆకులున్నట్టు గోడలు, గోడల మధ్య ఖాళీల్లో మట్టి. ఇటుక తక్కువ పడుతుంది, కట్టడం బలంగా నిలుస్తుంది. బయట నుంచి చూసి దిబ్బ అనుకున్నదాని లోపల అంత లెక్క ఉంది.

భట్టిప్రోలు సంగతి ఇంకా చెప్పాలి. కృష్ణకు అవతలి ఒడ్డున ఉంది. అక్కడి దిబ్బను ఊరివాళ్ళు పిలిచే పేరు ఆడవాళ్ళను కించపరిచే తిట్టు. నేను ఈ వేదిక మీద ఆ పేరు పలకను. ఆ దిబ్బ ఇటుకల్ని, చలవరాళ్ళని రోడ్లకూ కాలవ పనులకూ పట్టుకెళ్ళారు. మిగిలినదాన్ని 1892లో రే తవ్వితే లోపల రాతి కరండాలు దొరికాయి. కరండం అంటే ధాతువులు దాచే భరిణె. వాటి మీద బ్రాహ్మీ లిపిలో రాత ఉంది. మన తెలుగు నేల మీద దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. ఏం రాశారు? ఆ భరిణె చేయించిన కుటుంబం వాళ్ళ పేర్లు, చందా వేసుకున్న సభ్యుల పేర్లు, కుబిరకుడు అనే రాజు పేరు. రాజు పేరుతో పాటు మామూలు మనుషుల పేర్లూ ఉన్నాయి. తిట్టు పేరు పెట్టిన దిబ్బలో మనుషుల అసలు పేర్లు భద్రంగా ఉన్నాయి. మనకూ బయటివాళ్ళు పెట్టిన పేర్లు ఉన్నాయి. ఆ పేర్లను బట్టి మనల్ని తక్కువగా చూసుకోనక్కరలేదని మా పిల్లలకు ఈ దిబ్బను చూపించే చెబుతాను.

తోటలోకి చేరిన రాళ్ళు

ఇంటి తోటకూ చరిత్రకూ సంబంధం ఏమిటని అడుగుతారేమో. మన బందరులోనే అది జరిగింది. 1797లో కోలిన్ మెకంజీ అనే సర్వేయరు అమరావతి వెళ్ళాడు. అప్పటికే అక్కడి జమీందారు మనుషులు కొత్త పట్నం కట్టడానికి రాళ్ళ కోసం పెద్ద దిబ్బను తవ్వుతున్నారు. అదే అమరావతి మహాచైత్యం. ఆ తర్వాత కాలంలో రాబర్ట్‌సన్ అనే అధికారి ఆ శిల్పాల్లో కొన్నింటిని బందరు తెప్పించి, తాను వేయించిన కొత్త పేట కూడలిలో అలంకారానికి పెట్టించాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ రాళ్ళు తర్వాత రేవు అధికారి అలెగ్జాండర్ ఇంటి తోటకు చేరాయి. ఆయన పోయాక అక్కడి నుంచి మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. అమరావతి రాళ్ళలో ఇంకా చాలా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. రాయి దొరికింది, నిలిచింది, అందంగా ఉంది. కానీ అది దిబ్బలో ఏ వైపు ఉంది, ఏ రాయి పక్కన ఉంది, ఎంత లోతులో ఉంది అన్న సంగతులు కూడలిలో పెట్టిన రోజే చాలావరకు పోయాయి. వస్తువు కదిలితే దాని కథలో సగం పోతుంది. మీ దొడ్డిలో ఏదైనా కనపడితే మొదట చేయాల్సింది దాన్ని కదపకుండా ఉండడం. ఎందుకో మా ఇంటి సంగతి చెబుతాను, మీకే తెలుస్తుంది.

మా దొడ్డిలో గొయ్యి

మా పుట్టింటివాళ్ళది నాగాయలంక వైపు కాలవ గట్టున ఉన్న యానాదుల పేట. మూడేళ్ళ క్రితం మా తమ్ముడు మరుగుదొడ్డికి గొయ్యి తవ్వాడు. రెండడుగులు దిగగానే మట్టి రంగు మారింది. పైన నల్లమట్టి, గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు. దాని కింద పిడికెడు మందాన బూడిద రంగు ఒండ్రు, అందులో చిన్న చిన్న గవ్వలు. దాని కింద కాలిన మట్టి, బూడిద, మూడు పొయ్యి రాళ్ళు. ఇంకో మూల మట్టి వర అంచు కనపడింది. పాత నూతులకు దింపే కాల్చిన మట్టి వరలు కొందరు చూసి ఉంటారు.

తమ్ముడు పార పక్కన పెట్టి నాకు ఫోన్ చేశాడు. ఆదివారం నేను వెళ్ళేసరికి పేటంతా లంకెబిందెలు దొరికాయని పుకారు. కారులో ఒకాయన వచ్చాడు. అంజనం వేసి చూస్తానన్నాడు, అయిదు వేలూ ఒక పుంజూ కావాలన్నాడు. మా తమ్ముడి దగ్గర అయిదు వేలు లేవు కాబట్టి ఆయన వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఎవరూ గోతిలో దిగకుండా మా మేనల్లుడు మంచం వేసుకుని అక్కడే పడుకున్నాడు.

మేం చేసిన పని పెద్దదేమీ కాదు. మేనల్లుడు డిప్లొమా చదువుతున్నాడు, కొలవడం వచ్చు. ఇంటి మూల నుంచి, వేప చెట్టు నుంచి గోతికి దూరం కొలిచాం. గోతి గోడను కత్తితో నున్నగా చెక్కి, ఒక్కొక్క పొర ఎంత లోతులో మొదలై ఎక్కడ అయిపోయిందో రాశాం. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీశాం. పొయ్యి దగ్గర ఉన్నవి ఉన్నట్టే బొమ్మ గీశాం. అక్కడ వలకు కట్టే మట్టి గుళ్ళు నాలుగు, ఒక పగిలిన కుండ, ఒక అల్యూమినియం పది పైసల బిళ్ళ ఉన్నాయి. అంచులు అలలు అలలుగా ఉండే బిళ్ళ. రుద్దకుండా నీళ్ళతో కడిగితే 1974 అని కనపడింది.

ఇక్కడ లెక్క చూడండి. 1974లో తయారైన బిళ్ళ అంతకుముందు అక్కడ పడే అవకాశం లేదు. కాబట్టి దాని పైన పరుచుకున్న ఒండ్రు 1974 తర్వాతదే. 1974 తర్వాత దివిసీమలో ఇంటి పొయ్యిని గవ్వల ఒండ్రుతో కప్పేసినది ఏది? మీ ఇళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. 1977 నవంబరు 19 ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. గుంపులుగా పాతిపెట్టిన శవాల్లో ఏది ఎవరిదో ఎవరు రాసుకున్నారు?

ఆ పగిలిన కుండను చూసి పక్కింటాయన మామూలు పెంకే అన్నాడు. కుండ అడుగున ఒక రంధ్రం ఉంది, లోపలంతా మసి పట్టి ఉంది. మా మేనత్తను కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించాం. ఆమెకు అరవై దాటాయి. కుండ చేతిలోకి తీసుకుని వెంటనే అంది: "ఇది పొగ కుండ గదే. మా నాయనది. దీంతోనే ఎలకలు పట్టేవాడు."

ఇక్కడున్న చిన్నపిల్లలకు పొగ కుండ తెలియకపోవచ్చు. కుండలో గడ్డీ గాదమూ వేసి నిప్పు పెట్టి, మూతిని ఎలక కన్నానికి ఆనించి, అడుగు రంధ్రంలోంచి ఊదేవాళ్ళు. పొగ కన్నంలోకి పోయి ఎలకలు బయటికి వచ్చేవి, లేదా లోపలే సొమ్మసిల్లేవి. వరి చేలో ఎలకల బాధ పోగొట్టడానికి రైతులు యానాదులనే పిలిచేవాళ్ళు. ఆ కుండను చూశాక అత్త ఆగకుండా రెండు గంటలు చెప్పింది. పొయ్యి ఎటు ఉండేది, గుడిసె గుమ్మం ఎటు ఉండేది, ఉప్పెన రాత్రి ఎవరు తాడిచెట్టును పట్టుకుని బతికారు, ఎవరు పోయారు. మట్టి వరల నుయ్యి గురించి అడిగితే, అది తన నాయనమ్మ నీళ్ళు తోడిన నుయ్యి అనీ, తనకు బుద్ధి తెలిసేసరికే పూడిపోయి ఉందనీ చెప్పింది. మేనల్లుడు అంతా ఫోన్‌లో రికార్డు చేశాడు. ఆమె ఉప్పెన గురించి అంతసేపు మాట్లాడడం నేను పుట్టాక అదే మొదటిసారి. నలభై ఏళ్ళు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కుండ అడిగింది.

మట్టి నుంచి కాగితానికి

దీనివల్ల లాభం ఏమిటని అడుగుతారు. చెబుతాను. మా పేటకు ఇళ్ళ పట్టాలు లేవు. అంతకుముందు అర్జీ పెట్టినప్పుడు ఒక కార్యాలయంలో, మీరు ఉప్పెన తర్వాత ఎక్కడి నుంచో వచ్చి గట్టు మీద కూర్చున్నవాళ్ళు అన్నారు. మా దగ్గర కాదనడానికి కాగితం లేదు. అత్త మాటల్లో ఒక చిన్న సంగతి దొరికింది. ఉప్పెనకు ముందు తన అన్న, అంటే మా నాన్న, రెండేళ్ళు బడికి వెళ్ళాడని. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. బడికి వెళితే అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఆ బడి పాత రిజిస్టర్లు అడిగి చూస్తే 1960ల నాటి పుస్తకంలో మా నాన్న పేరు, తండ్రి పేరు, కులం, ఊరు అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు మా అర్జీతో పాటు రిజిస్టర్ నకలు, గోతి కొలతలు, ఫోటోలు, అత్త వాంగ్మూలం ఉన్నాయి. విచారణకు వచ్చిన అధికారి అత్త చెప్పినది రాసుకుని వెళ్ళారు. పట్టాలు ఇంకా రాలేదు. వచ్చేసినట్టు ఇక్కడ చెప్పి చప్పట్లు కొట్టించుకోను. కానీ ఇప్పుడు మీరు నిన్న వచ్చినవాళ్ళు అని ఎవరూ మమ్మల్ని అనలేరు. గోతిలో దొరికిన కుండ పట్టా కాదు. ఏ కాగితం ఎక్కడ వెతకాలో ఆ కుండ చూపించింది.

మీరూ అలా వెతకండి. మన చల్లపల్లి ప్రాంతం జమీందారీ ఎస్టేటు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినప్పుడు ఊళ్ళను సర్వే చేసి రికార్డులు రాశారు. సెటిల్‌మెంట్ ఫేర్ అడంగల్ అంటే అదే. అందులో పోరంబోకు, కాలవ గట్టు, గ్రామ నత్తం అన్నీ వేరువేరుగా ఉంటాయి. మీ పేట ఏ సర్వే నంబరులో ఉందో తెలుసుకోండి. పాత ఓటర్ల జాబితాలు, బడి రిజిస్టర్లు, జనన మరణ రిజిస్టర్లు, రేషను కార్డులు చూడండి. ఎరుకల పిల్లలు సెటిల్మెంటు రిజిస్టర్లను కూడా వెతకాలి. అవి మనల్ని అనుమానించి రాసినవే, కానీ అందులో మీ ముత్తాత పేరు ఉండొచ్చు. అవమానించడానికి రాసిన పుస్తకాన్ని మనం వంశవృక్షం రాసుకోవడానికి వాడుకుందాం.

మట్టిని చదవడం మనకు కొత్త కాదు

పురావస్తు శాస్త్రం పెద్ద చదువు, మనకెందుకు అని అనుకోకండి. ఆ చదువులో మొదటి పాఠం ఇది: కదిపిన మట్టి ఒక రకంగా ఉంటుంది, కదపని మట్టి ఇంకో రకంగా ఉంటుంది. పొరలో పై పొర కొత్తది, కింది పొర పాతది. పాత గొయ్యిని పూడిస్తే ఆ మట్టి రంగు, మెత్తదనం చుట్టూ ఉన్న మట్టికి సరిపోవు. ఇది మన తాతలకు తెలియదా? గట్టు మీద నడుస్తూ ఏ కన్నంలో ఎలక ఉంది, ఏది వదిలేసిన కన్నం, లోపల వడ్లు ఏ మూల దాచింది అని గడ్డపార వేయకముందే చెప్పేవాళ్ళు. ఎలక బయటికి తోసిన మన్నులో పెంకు ముక్కో పూసో ఉంటే దాని కింద పాత మనుషుల జాగా ఉందని గుర్తు. శాస్త్రవేత్తలు కూడా కన్నాల దగ్గరి మన్ను చూస్తారు. మన తాతలు కూటి కోసం నేర్చుకున్న విద్య అది. దానికి కొలతా రాతా కలిపితే చాలు.

ఇక ఏం చూడాలో, ఏం చేయాలో వరసగా చెబుతాను. రాసుకోండి.

మొదటిది ఇటుక. ఇప్పటి ఇటుక తొమ్మిది అంగుళాల పొడవు ఉంటుంది. శాతవాహనుల కాలపు ఇటుక దాదాపు ఒకటిన్నర అడుగు ఉంటుంది, ఒక చేత్తో ఎత్తడం కష్టం. జమీందారీ కాలపు కట్టడాల్లో సన్నటి ఇటుక, గానుగ సున్నం కనిపిస్తాయి. కానీ ఒక జాగ్రత్త. పాత దిబ్బ ఇటుకను తెచ్చి కొత్త గోడలో పెట్టడం మన ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉంది. ఇటుక పాతదైనంత మాత్రాన గోడ పాతది కాదు. ఇటుకల మధ్య ఏముంది, మట్టా సున్నమా సిమెంటా అన్నది చూడండి.

రెండోది పెంకు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ పెంకులు చాలా పాతవి. తెల్లటి పింగాణీ మీద నీలం బొమ్మలు ఉంటే బందరు రేవు వ్యాపారం గుర్తుకు తెచ్చుకోండి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగారు. వి, ఓ, సి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిన గుర్తు ఉన్న రాగి నాణెం కనపడితే అది డచ్చి కంపెనీది.

మూడోది ఒండ్రు పొర. మన తీరంలో 1977 ఒక్కటే కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారని లెక్క. గవ్వలూ ఇసకా కలిసిన పొర కనపడితే లోతు రాసి పెట్టండి. పక్క ఇళ్ళలోనూ అదే లోతులో ఉందేమో అడగండి.

నాలుగోది ప్రాణం. పాత నూతిలో ఎవరూ దిగవద్దు. లోపల చెడు గాలి ఉంటుంది, మనిషి అరిచే లోపల పడిపోతాడు. డెల్టా మట్టి తడిగా ఉంటుంది, లోతు గొయ్యి గోడ ఒక్కసారిగా కూలుతుంది. నడుము లోతు దాటితే పని ఆపేయండి. చరిత్ర కోసం ఎవరూ చావక్కరలేదు.

అయిదోది చట్టం. దీన్ని బాగా వినండి, ఎందుకంటే దొరికినప్పుడు మొదట ఇరుక్కునేది మన కూలివాడే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని రాయాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు ఉంటుంది, రావలసిన వాటా కూడా పోతుంది. చెబితే వాటా ఉంది. అసలు హక్కుదారు లేడని తేలి, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేకపోతే, దొరికిన మనిషికి నాలుగింట మూడు వంతులు, యజమానికి ఒక వంతు. ప్రభుత్వం వెలకట్టి తీసుకునే అధికారమూ ఉంది. నూరేళ్ళు దాటిన శిల్పాల్లాంటి వాటికి 1972 పురావస్తువుల చట్టం వేరే ఉంది. రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపల తవ్వకం, కట్టడం నిషేధం. కాబట్టి చెరువు పనిలో నాణేలు పడితే మేస్త్రీ చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఫోటో తీయండి, తేదీ వేయండి, సచివాలయంలో వీఆర్వోకు అర్జీ ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. నకలు మీ దగ్గర ఉంటే దొంగ అనే మాట మీ మీదికి రాదు.

అన్ని దొడ్లూ మనకు మిగలవు. శ్రీహరికోట దీవి యానాదులది. ఇప్పుడు దేశమంతా రాకెట్టు ఎగిరినప్పుడు ఆ పేరు వింటుంది. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్టు ఎగరకముందే ఆ దీవిని అంతరిక్ష కేంద్రానికి తీసుకున్నారు. అక్కడి మన కుటుంబాలు దీవి విడిచిపోవలసి వచ్చింది. రాకెట్టు చూసి గర్వపడండి, నేనూ పడతాను. దానితో పాటు అక్కడ మన గుడిసెలు ఉండేవని కూడా చెప్పగలగాలి. ఆ చోటికి మనం వెళ్ళి కొలవలేం. మన చేతిలో ఉన్న దొడ్డినైనా కొలుచుకుందాం.

చివరిగా ఒక పని అప్పగిస్తున్నాను. దసరా సెలవులకు మీరు ఇళ్ళకు వెళతారు. దేన్నీ తవ్వవద్దు. ఒక తెల్ల కాగితం మీద మీ దొడ్డి పటం గీయండి. నుయ్యి, చెట్టు, పాత గోడ, పూడ్చిన గొయ్యి, దేవుడి రాయి ఎక్కడ ఉన్నాయో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ మనకంటే ముందు ఎవరుండేవాళ్ళు? ఈ నుయ్యి ఎవరు తవ్వారు? ఉప్పెనకు ముందు పొయ్యి ఎక్కడ ఉండేది? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాయండి. పేరు, తేదీ వేయండి. వచ్చిన కాగితాలన్నీ హాస్టల్లో ఒక ఫైలులో పెడతాను, వేరే ఊళ్ళ పిల్లలవి సంఘం వాళ్ళు తీసుకుంటారు. వచ్చే ఏడాది ఈ సంచికలో మీ పటాలు రావాలి.

మీ నాయనమ్మ, అమ్మమ్మ ఇంకా ఉంటే ఈ సెలవులు వృథా చేయకండి.  జై ఆదివాసీ.